ఋణస్థుని చేతిలో పద్దుపుస్తకము

దాతలకు మన దేశమున ఎన్నడును కొదువ లేదు. ఏ పట్టణమున కేగినను సత్రపు గుమ్మముపై, దేవాలయ ప్రాకారముపై, ఆసుపత్రి వసారాలో రాతిపలకలు దాతల పేర్లను తరతరములకు వినిపించుచునే యుండును. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు పెట్టిన అన్నమును గోదావరి సీమ నేటికిని మరువలేదు. ఇచ్చుగుణమును తెలుగువారికి ఒకరు నేర్పవలసిన పని లేదు. ఇచ్చిన పిమ్మట ఇచ్చినవాడెచ్చట కూర్చుండవలెను, పుచ్చుకొనినవాడెచ్చట కూర్చుండవలెను అను ప్రశ్న మాత్రము మన దాతృత్వ చరిత్రలో నింకను తేలక యున్నది.

ఏటేట ఏప్రిల్ 14వ తేదీ వచ్చును. అంబేడ్కరు విగ్రహములకు పూలమాలలు పడును. ఆనాడును, చలికాలమున మరికొన్ని దినములును దళితవాడలలో పలకలు, పుస్తకములు, దుప్పట్లు పంచిపెట్టుదురు. మరునాటి యుదయమునకు ఛాయాచిత్రము సిద్ధము. దుప్పటి యొక్కటి, దానిని పట్టుకొనిన పెద్దలు ఐదుగురు, ఐదుగురి చూపులును కెమెరా వైపు, పుచ్చుకొనుచున్న ముసలమ్మ మాత్రము ఎటు చూడవలెనో తెలియక నేల చూచుచుండును. దుప్పటి చలి నాపును గనుక దానిని మేము నిరసింపము. ముడుచుకొనిన చేతికంటె చాచిన చేయి మేలు. కాని, ఇచ్చునప్పుడు సిగ్గు ఉండవలెనని తైత్తిరీయోపనిషత్తు దాతకు విధించినది. సిగ్గుపడవలసినవాడు ఇచ్చువాడు. పై చిత్రమున నది తారుమారైనది.

ఇచ్చువాడు సిగ్గుపడనేల యని అడుగువారు కలరు. ఈ ప్రశ్నపై తొంబది యేండ్ల క్రిందట మన దేశమున నొక గొప్ప వాదము జరిగినది. దానిని నేటి దాతలు మరల జ్ఞప్తికి దెచ్చుకొనుట మంచిదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1932 సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక జరిగినది. ఆ నెల 30వ తేదీన బొంబాయిలో అస్పృశ్యతా నివారణకై యొక సంఘ మేర్పడి, కొలదికాలములోనే హరిజన సేవక సంఘమను పేరు దాల్చినది. ఘనశ్యామదాస్ బిర్లా అధ్యక్షుడు. అమృతలాల్ ఠక్కర్ కార్యదర్శి. ఈ సంఘము చేయునది దానధర్మము కాదనియు, సవర్ణ హిందువులు తాము చేసిన పాపమునకు ప్రాయశ్చిత్తముగా తీర్చవలసిన ఋణమనియు గాంధీజీ బోధించెను. ఇది సామాన్యమైన మాట కాదు. దానము చేసినవానికి పుణ్యము వచ్చును, పేరు వచ్చును, శాలువ వచ్చును. అప్పు తీర్చినవానికి ఏమి వచ్చును? నోటు చింపి చేతి కిత్తురు, అంతే. కిస్తు గడువులోపల చెల్లించినందుకు ఏ షావుకారును ఋణస్థునికి సన్మానసభ చేసినట్లు మేమెరుగము. దాత తల యెత్తుకొని నిలుచుండు తావున ఋణస్థుడు తల వంచుకొని నిలువవలెను. ఆ ఒక్క పదముతో గాంధీజీ మన దాతృత్వపు మెట్టును దించివైచెను. అంతవరకు ఆయన మాట మాకు శిరోధార్యమే.

ఆ ఏటనే నవంబరు 14న, మూడవ రౌండ్ టేబిల్ సమావేశమునకై ఇంగ్లండు పోవుచు, డాక్టరు అంబేడ్కరు విక్టోరియా యను ఓడమీదినుండి ఠక్కరుగారికొక దీర్ఘమైన లేఖ వ్రాసెను. అప్పటికాయన ఆ సంఘపు కేంద్రమండలిలో సభ్యుడు. ఆ లేఖ నేటికిని చదువదగినది. అణగిన జాతులను ఉద్ధరింప బూనుకొనువారి ముందు రెండు మార్గములున్నవని ఆయన వివరించెను. కష్టము వారి నడతలోనే యున్నదని తలచి, మద్యపాన నిషేధము, వ్యాయామము, సహకారము, గ్రంథాలయము, పాఠశాల మున్నగువానిచే ఒక్కొక్క మనిషిని బాగుచేయ జూచుట ఒకటి. కష్టము వారి చుట్టునున్న లోకమునందున్నదని గ్రహించి, ఆ లోకమును మార్చుట రెండవది. సంఘము తన బలమునంతను రెండవదానిపై నిలుపవలెనని ఆయన కోరెను. ఊరిబావిలో నీరు తోడుకొనుటకు, ఊరిబడిలో కూర్చుండుటకు, చావడిలో ప్రవేశించుటకు, బండి యెక్కుటకు గల హక్కులను ప్రతి పల్లెలోను సాధింపవలెను. దానికి ఘర్షణలు తప్పవు, తప్పకున్నను వెనుదీయరాదు. పనులలోను, వ్యాపారములలోను సమానావకాశము కావలెను. సవర్ణుల యిండ్లలోనికి వారికి రాకపోకలు కావలెను. ఈ పనికి పూనుకొను కార్యకర్తలలో అధికభాగము ఆ జాతులనుండియే రావలెను. ఏలయన ప్రేమ గలవాడే సేవ చేయగలడు, కూలికి చేయువాడు చేయలేడు.

ఆ లేఖకు తనకు అందినదన్న మాటయైనను రాలేదని అంబేడ్కరు 1945లో ప్రచురించిన గ్రంథమున వ్రాసికొనెను. సంఘమునకు ఆయన దూరమయ్యెను. పాలకవర్గములలో తమవారికి స్థానమేదియని అడిగినవారికి వచ్చిన సమాధానము, ఇది సవర్ణుల ప్రాయశ్చిత్తము గనుక సవర్ణులే నడుపవలెనని.

ఈ సమాధానమును భూవసతి గల మన పాఠకులు ఒక్కసారి తమ అనుభవముతో సరిచూచుకొందురు గాక. అప్పు పడినవాడే పద్దుపుస్తకమును తన యింట నుంచుకొని, అసలెంతో తానే తేల్చి, వడ్డీ తానే కట్టి, వాయిదాలు తానే పెట్టుకొని, ఇచ్చినంతకు రసీదు తానే వ్రాసికొని, అప్పిచ్చినవాడు వాకిట నిలుచుండి చూచుచుండవలసినదే యనినచో, ఆ లావాదేవికి ఏ ఊరి పెద్దమనిషి సాక్షి సంతకము చేయును? ఋణమనుట సత్యమైనచో ఆ సత్యము చివరివరకు నిలువవలెను. ఋణదాతకు పద్దు చూచు హక్కు కలదు. తప్పు పద్దు కొట్టివేయు హక్కు కలదు. "ఇది నాకు అక్కరలేదు, నా బావి నాకిమ్ము" అనుటకు హక్కు కలదు. ఈ హక్కులు లేని ఋణము మరల దానమే. పేరు మాత్రమే మారినది.

సంఘము చేసిన పనిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. 1933 నవంబరు మొదలు తొమ్మిది నెలలు గాంధీజీ ఈ పనికై దేశమంతయు తిరిగెను. ఆ డిసెంబరులో తెలుగుజిల్లాలకు వచ్చినప్పుడు మన స్త్రీలు చేతిగాజులు, మెడలోని గొలుసులు ఒలిచి యిచ్చిరి. దేశముమీద సుమారు ఎనిమిది లక్షల రూపాయలు పోగైనవి. ఆ ధనముతో బడులు, వసతిగృహములు, బావులు వెలసినవి. చదువుకొనిన పిల్లలు చదువుకొనిరి, అది పోదు. కాని వేరు బావి త్రవ్వించుట వేరు, ఊరిబావి విప్పించుట వేరు. మొదటిదానికి ధనము చాలును. రెండవదానికి ఊరిలో నలుగురితో విరోధము పెట్టుకొనవలెను. మన ఔదార్యము సాధారణముగా మొదటిదానితో నాగిపోయినది.

ఇందులకు భిన్నమైన నడత మన సీమలో అంతకు ముందే యొకసారి కనబడినది. 1917లో బెజవాడలో గూడూరు రామచంద్రరావు మొదలైనవారి పూనికతో ప్రథమ రాష్ట్రీయ పంచమ మహాసభ జరిగినది. అధ్యక్షత వహింప హైదరాబాదునుండి భాగ్యరెడ్డివర్మను పిలిచిరి. ఆయన 1888లో జన్మించి, 1906లోనే జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథలచేత, బడులచేత తనవారిని మేల్కొల్పుచున్న యువకుడు. వచ్చిన అధ్యక్షుడు మొదట చేసిన పని, పిలిచినవారు పెట్టిన పేరును కాదనుట. పంచమ శబ్దమునకు పురాణములలోనైనను ఆధారము లేదు. మేము ఈ నేలకు మొదటివారము. కనుక మాది ఆది-ఆంధ్ర మహాసభ యనెను. ఆతిథ్యమిచ్చినవారు నొచ్చుకొనలేదు, తాము కట్టిన పందిటిలో తాము వ్రాసిన పేరును చెరిపివైచిరి. ఆ సభ జరిగిన దినములలో అస్పృశ్యులు కొండ యెక్కుదురేమోయను భయముతో కనకదుర్గ గుడి తలుపులు మూసియుంచిరని చెప్పుదురు. అదే పట్టణమున అదే దినములలో ఒకరు తలుపు మూసిరి, ఒకరు పీట వేసి తాము ప్రక్కకు జరిగిరి. ఐదేండ్లకు, 1922లో, మద్రాసు ప్రభుత్వము తన దస్తావేజులలో ఆది-ఆంధ్ర శబ్దమును అంగీకరించినది.

పేరు మాట వచ్చినది గనుక ఒక ముక్క చెప్పి పోవుదుము. "హరిజనులు" అను మాటను మన పెద్దలలో కొందరు నేటికిని వాత్సల్యముతోనే వాడుచున్నారు. వాత్సల్యమును శంకింపము. కాని ఆ పేరును వారు కోరలేదు, వలదని పలుమారులు చెప్పిరి. 2017లో సుప్రీంకోర్టును ఒక తీర్పులో ఆ మాట అవమానమునకై వాడుకలో నున్నదని గుర్తించినది. పొరుగువాని బిడ్డకు మనము పేరు పెట్టము. పెట్టిన పేరుతో పిలుతుము. ఇంతకంటె దీనికి శాస్త్రము అక్కరలేదు.

వెనుక కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దరువారి పోషణతో అనాథ శరణాలయమును, ఆది-ఆంధ్ర విద్యార్థులకు వసతిగృహమును నెలకొల్పిరి. మహారాజుగారు ధనమిచ్చిరి, నాయుడుగారు తమ్ము దామే యిచ్చివైచిరి. ఆ కాలపు దాతృత్వమునకు అది ఉత్తమమైన మచ్చు. మన కాలమున అంతకంటెను ఒక మెట్టు ముందునకు పోయిన మనిషిని తెలుగుదేశము చూచినది. ఆయనను గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది.

ఎస్. ఆర్. శంకరన్ 1934లో తమిళదేశమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. ఐ.ఏ.ఎస్. ఉద్యోగిగా ఆంధ్రప్రదేశమునకు వచ్చి, మనవాడైపోయెను. సాంఘిక సంక్షేమశాఖ కార్యదర్శిగా ఆయన చేసిన పని ఫైళ్లమీద కంటె పల్లెలలో నెక్కువగా కనబడును. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చినది. చట్టము వచ్చినంతమాత్రమున జీతగాని మెడమీది కాడి దిగదు. తాతచేసిన ఇరువది రూపాయల బాకీకి మనుమడు గొడ్లు కాయుచున్న యిండ్లు నాడు తెలంగాణములోనేమి, కోస్తాలోనేమి తక్కువగా లేవు. మన పాఠకులలో కొందరి పెద్దల యిండ్లును వానిలో నుండవచ్చును. "నీ బాకీ చెల్లిపోయినది, నీ విష్టమున్నచోటికి పోవచ్చును" అను మాట ఆ జీతగాని చెవినిబడునట్లు చేయుటకు శంకరన్ పూనుకొనెను. భూస్వాములకది రుచింపలేదు, పాలకులలో అనేకులకును రుచింపలేదు. ఆయన మానలేదు. దళిత గిరిజన విద్యార్థులకు వసతిగృహములు, గురుకుల పాఠశాలలు వృద్ధిపొందుటలో ఆయన హస్తము పెద్దది. ఆ గురుకులములలో నొకదానినుండియే మాలావత్ పూర్ణ యను బాలిక పదునాలుగేండ్లైనను నిండక మునుపే, 2014 మే 25న, ఎవరెస్టు శిఖర మెక్కినది.

వివాహము చేసికొనక, తన జీతములో పెద్దభాగమును పేదపిల్లల చదువులకు వ్యయించిన యీ అధికారి 2005లో పద్మభూషణ్ బిరుదమును వలదనెను. అయినను మేమాయనను పేర్కొనుట ఈ త్యాగములకై కాదు. త్యాగులు మన దేశమున అరుదు కారు. ఉద్యోగము విరమించిన తరువాత ఆయన ఎచ్చట కూర్చుండెనో చూడుడు. కోలారు బంగారుగనుల పట్టణమున తెలుగు పారిశుద్ధ్య కార్మికుల యింట 1966లో పుట్టిన బెజవాడ విల్సన్, చేతులతో మలము నెత్తు పనిని దేశమునుండి పారద్రోలవలెనని బయలుదేరెను. ఆ ప్రయత్నము 1994 ప్రాంతమున సఫాయి కర్మచారీ ఆందోళనముగా రూపొందినది. శంకరన్ దానికి మొదటినుండియు తోడుపడెను. సచివాలయమున అంత పెద్ద ఉద్యోగము చేసినవాడు, వయసున తనకంటె ముప్పదియేండ్లు చిన్నవాడైన విల్సన్ ముందు నడువగా వెనుకనుండెను. చట్టమేమి చెప్పుచున్నదో, అర్జీ ఎట్లు వ్రాయవలెనో, ఏ కార్యాలయమున ఏ కాగితము ఆగునో ఆయనకు తెలియును; ఆ తెలివిని వారి చేతికిచ్చెను. ఏ దొడ్డి పడగొట్టవలెనో, ఏ ఊరికి పోవలెనో తేల్చువారు ఆ పని చేసి బాధపడినవారే. 1993 నాటి చట్టము కాగితముమీద నుండిపోగా, వారు 2003లో సుప్రీంకోర్టు కెక్కిరి. 2013లో క్రొత్త చట్టము వచ్చినది. 2014 మార్చి 27న తీర్పు వచ్చినది. 2016లో విల్సన్‌కు మెగసెసే పురస్కారము లభించునాటికి శంకరన్ లేడు, 2010లోనే కన్నుమూసెను.

దీనినే మేము అండ యందుము. దయ పైనుండి క్రిందికి దిగును. అండ ప్రక్కన నిలుచును, అవసరమైనప్పుడు వెనుకకు జరుగును.

"మా ధనము, మా సంఘము, నిర్వహణము తెలియనివారిని కమిటీలో నెట్లు కూర్చుండబెట్టుదుము?" అని కొందరు సజ్జనులు మాతో వాదించియున్నారు. ఈ వాదమును మన తాతలు విననిది కాదు. 1927లో ఇంగ్లీషు ప్రభుత్వము ఏడుగురిని నియమించి, భారతదేశమునకు ఏ పరిపాలన తగునో విచారించి రండనెను. ఏడుగురిలో నొక్క భారతీయుడైన లేడు. ఆ ఏడుగురును దుర్మార్గులని మనమనలేదు; వారు తెలివితక్కువవారనియు అనలేదు. మా భాగ్యమును నిర్ణయించు పీటపై మావాడొక్కడు లేకపోవుటయే మాకు అవమానమంటిమి. "సైమన్, వెనుకకు పొమ్ము" అంటిమి. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో ప్రకాశం పంతులుగారు తుపాకి యెదుట రొమ్ము విప్పి నిలిచినది ఆ అవమానమునకే. ఆ కథను బిడ్డలకు గర్వముతో చెప్పుకొను మనము, దళితుల క్షేమమునకై పదునొకండుగురు సభ్యులతో సంఘము పెట్టి, అందొక్క దళితుడైన లేకుండ తీర్మానములు చేయుచున్నచో, ఆ గదిలో సైమన్ ఎవరు?

నిర్వహణము తెలియదనుట యైనను నిజము కాదు. గంపెడు సంసారమును దినకూలితో నెట్టుకొని వచ్చు తల్లికి లెక్కలు రావనుట లెక్కలు వచ్చినవాడనవలసిన మాట కాదు. పద్దులలో మోసము చేయువారు ఏ కులమునకును కరవు లేదు. దానికి మందు ఏటేట లెక్కల తనిఖీ, పదిమందిలో లెక్క చదువుట, ఇద్దరి సంతకము లేనిదే బ్యాంకునుండి పైకము కదలకుండుట. చందా యిచ్చువారు ఆదాయపు పన్నులో మినహాయింపు రసీదు ఇత్తురాయని మొదట అడుగుదురు. అడుగవచ్చును. దానితోపాటు మరియొకటి యడుగవలెనని మా ప్రార్థన: చెక్కుపై సంతకము చేయు ఇద్దరిలో ఆ వాడవారొకరున్నారా?

ఇక కష్టమైన భాగమునకు వత్తుము. దుప్పటి ఇచ్చుటకు ధైర్య మక్కరలేదు. అండ నిలుచుటకు కావలెను. 1985 జులైలో కారంచేడులో మాదిగపల్లెవారు త్రాగునీరు ముంచుకొను చెరువులో ఆసాముల కుఱ్ఱలు గేదెలను కడిగిరి. అదేమని అడిగినందుకు తగవు పుట్టినది. మరునాడు, 17వ తేదీ యుదయమున, ఆరుగురు దళితులను తరిమి చంపిరి. స్త్రీలపై అత్యాచారము జరిగినది. బ్రతికినవారు చీరాలకు పారిపోయి శిబిరమున తలదాచుకొనిరి. అనేకులు మరల ఆ ఊరి మొగము చూడక చీరాలలోనే నిలిచిపోయిరి. 1932లో ఓడమీద కూర్చుండి అంబేడ్కరు మొదట వ్రాసిన మాట నీళ్ల మాట. ఏబదిమూడేండ్ల తరువాత, స్వరాజ్యము వచ్చి, రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసి, 1955లో దానికి చట్టమును వచ్చిన పిమ్మట, కృష్ణా కాలువల నీరు పారు సంపన్నసీమలో, నీటియొద్దనే నెత్తురు పారినది. ఆ ఊరిలో చదువుకొనినవారు లేరా? దాతలు లేరా? ఉండిరి. ఆ యుదయమున వారిలో నెందరు వీధిలోనికి వచ్చి అడ్డు నిలిచిరి?

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనమండుగురు హతులైరి. విచారణ తమ ఊరిలోనే జరుగవలెనని బాధితులు పట్టుబట్టి సాధించుకొనిరి. ప్రత్యేక న్యాయస్థానము తీర్పు చెప్పినది 2007లో. ఆ శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసినది. తీర్పుల తప్పొప్పులు చెప్పుట ఈ వ్యాసమున మా పని కాదు. మొదటి తీర్పునకే పట్టిన పదునారేండ్లను చూడుడు. ఆ పదునారేండ్లు సాక్షి యేమి తినెను? కోర్టు పిలిచిన దినమున కూలి పోవును. ఊరి ఆసామి పని మాన్పించినచో మిగిలిన దినములందును పోవును. సాక్ష్యము మానుకొమ్మని చెప్పువాడు బియ్యపు మూటతో వచ్చును. సాక్ష్యము చెప్పుమనువాడు వట్టి చేతులతో వచ్చును. 1989 నాటి అత్యాచార నిరోధ చట్టము క్రింద 1995లో చేసిన నియమములలో బాధితులకు, సాక్షులకు ప్రయాణపు ఖర్చులు, భత్యము ఇయ్యవలెనని యున్నది. బాధితులు కోరినచో వారికి నమ్మకమైన పేరుగల న్యాయవాదిని నియమింపవచ్చునని యున్నది. ఇవి యున్నవని పల్లెలో తెలిసినవారెందరు? అర్జీ వ్రాసి పెట్టువారెందరు? ఆలస్యమైనప్పుడు ఆ పైకము చేతినుండి పెట్టువారెందరు? మన పట్టణములలో విశ్రాంత గుమాస్తాలు, ప్లీడర్లు, ఉపాధ్యాయులు వేలకొలది కలరు. వీరికి వార్ధక్యమున చేయదగిన పని ఇంతకంటె మంచిది మాకు తోచుట లేదు. ఈ పని చేయు చిన్న చిన్న సంఘములకు చందాలు రావు. ఏలయన ఇందులో పంచిపెట్టుటకు వస్తువు లేదు, చిత్రము తీయుటకు దుప్పటి లేదు.

భూవసతి గలవారికి ఇంకొక మాట. వాడవారు ఠాణాలో ఫిర్యాదిచ్చిరనుకొందము. ఆ రాత్రి ఆసాములు రచ్చకడ గూడి, రేపటినుండి వారినెవ్వరును పనికి పిలువరాదు, అంగడివారు సరకీయరాదు అని కట్టు పెట్టుదురు. 2015లో సవరించిన చట్టము ప్రకారము ఇట్టి సాంఘికార్థిక బహిష్కారము నేరము. నేరమని తెలిసియు కట్టు పెట్టుచున్నారు. కట్టునకు లోబడి, ఇష్టము లేకున్నను, మంచివారును ఊరకుందురు. మరునాటి యుదయమున తన చేనిలో కలుపు తీయుటకు ఎప్పటివారినే పిలిచిన రైతు ఆ దినమున ఒక సంస్థ చేయలేని పని చేసినవాడగును. దానికతనికి ఖర్చు లేదు. కూలి ఎట్లును ఇయ్యవలసినదే. నష్టము వేరుగా నుండును. నీటి వంతులో మాట పడును. పెండ్లికి నలుగురు రారు. బంధువులు మొగము చాటుచేసికొందురు. అండకు ధర ఇది. దుప్పటి ధరతో దీనిని పోల్చి చూచుకొనుట పాఠకుల వంతు.

పట్టణవాసులు పొలము లేదని తప్పించుకొనుటకు వీలులేదు. ఇంటి వెనుక సెప్టిక్ ట్యాంకు కలదు. అది నిండినప్పుడు ఒకనిని పిలుతురు. వాడు నడుమునకు త్రాడు కట్టుకొని దిగును. అడుగున విషవాయువు. వాడు పడిపోవును, వానిని లాగబోయి రెండవవాడు పడిపోవును. 2014 తీర్పులో సుప్రీంకోర్టు, 1993 మొదలుకొని మురుగుగుంతలలో చనిపోయిన ప్రతివాని కుటుంబమునకు పది లక్షల రూపాయలీయవలెననినది. 2023 అక్టోబరులో దానిని ముప్పది లక్షలు చేసినది. మొత్తము పెంచవలసి వచ్చినదనగా చావులు ఆగలేదని యర్థము. రక్షణసాధనములు లేక మనిషిని దింపించినవానికి, మొదటి తప్పునకే రెండేండ్ల వరకు కారాగారమో, రెండు లక్షల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని 2013 నాటి చట్టమున నున్నది. దింపించినవాడనగా కంట్రాక్టరు మాత్రమే యని గృహయజమానులు తలచుచున్నారు. చట్టమట్లు చెప్పుట లేదు.

హైదరాబాదు జలమండలి 2017లో ఇరుకు సందులలోనికి పోగల చిన్న యంత్రములను దళిత వ్యాపారుల సంఘముతో కలిసి ప్రవేశపెట్టినది. మురుగులో దిగిన కులములవారే యంత్రమునకు యజమానులగుటకు అది యొక దారి. మిగిలిన పట్టణములలో మునిసిపాలిటీ యంత్రము కోరినవారికి, ప్రైవేటు యంత్రము పైకమిచ్చినవారికి వచ్చును. మనిషి చౌక, యంత్రము ప్రియమని వెనుదీయువారు కలరు. ఒక వీధిలోని నాలుగైదిండ్లవారు ఒకే దినమున పిలిపించుకొనినచో ఆ యధికమును నలుగురు పంచుకొనవచ్చును. వర్షాకాలమునకు ముందే మాటలాడి పెట్టుకొనుట మంచిది. తరువాత యంత్రములు సులభముగా దొరకవు.